కుక్కపిల్లకు తుంటి కీలు లోపమా? ఎక్స్‌రే చూసి బెంబేలెత్తవద్దు

కరీంనగర్: ఏడెనిమిది నెలల లాబ్రడార్ పిల్ల. నిన్నమొన్నటి వరకు గేటు చప్పుడు వినగానే దూసుకువచ్చేది. ఇప్పుడు పడుకున్న చోటు నుంచి లేవడానికి రెండు మూడుసార్లు ప్రయత్నిస్తుంది. మెట్ల దగ్గర ఆగి పైకి చూస్తూ నిలబడిపోతుంది. పరుగెత్తినా వెనుక కాళ్లు రెండింటినీ కలిపి కుందేలులా గెంతుతుంది. ఎక్కడో దెబ్బ తగిలి ఉంటుందనుకుని పశువైద్యుని వద్దకు తీసుకువెళితే ఎక్స్‌రే తీయించి, చీటీ మీద 'హిప్ డిస్‌ప్లేసియా' అని రాసి ఇస్తారు. ఆ రెండు మాటలతో ఇల్లంతా దిగాలు పడుతుంది. ఏడాదైనా నిండని కూనకు జీవితాంతం వెంట ఉండే కీళ్ల జబ్బు అనగానే కొందరు కాల్షియం సీసాల కోసం మందుల దుకాణానికి పరుగెడతారు. కొందరు ఎవరికైనా ఇచ్చివేద్దామని ఆలోచిస్తారు. కారుణ్య మరణం గురించి అప్పుడే వాకబు చేసేవారూ ఉంటారు.

ఈ తొందర నిర్ణయాలేవీ అవసరం లేదు. తుంటి కీలు లోపం పూర్తిగా నయమయ్యేది కాదన్న మాట నిజమే. అయితే కూన ఎంత బరువు ఉండాలి, ఏ నేల మీద నడవాలి, ఎంత దూరం తిరగాలి అన్నవి యజమాని చేతిలో ఉన్న విషయాలు. ఈ జబ్బులో మందుల కంటే, చాలా సందర్భాలలో శస్త్రచికిత్స కంటే కూడా వీటికే ప్రాధాన్యం.

గిన్నెలో కుదురుకోని బంతి

తుంటి కీలు బంతి, గిన్నె అమరిక వంటిది. తొడ ఎముక పైకొన గుండ్రని బంతిలా ఉంటుంది. కటి ఎముకలోని గుంట గిన్నెలా దానిని పట్టి ఉంచుతుంది. ఈ లోపం వచ్చే కూనలకు పుట్టుకతో కీలు మామూలుగానే కనిపిస్తుంది. తొలి వారాలు, నెలల్లో కీలును బిగించి ఉంచవలసిన బంధనాలు వదులుగా ఉండిపోవడంతో చిక్కు మొదలవుతుంది. బంతి గిన్నె మధ్యలో కుదురుగా తిరగడానికి బదులు అడుగడుగునా పక్కకు జారి అంచును ఒరుసుకుంటుంది. బంతి ఒత్తిడి సరిగా అందకపోవడంతో లోతుగా పెరగవలసిన గిన్నె పళ్లెంలా చదునుగా తయారవుతుంది. పైనున్న మృదులాస్థి అరిగి, అంచుల్లో కంటికి కనిపించని పగుళ్లు ఏర్పడి నొప్పి మొదలవుతుంది.

నాలుగో నెల నుంచి ఏడాది లోపు కనిపించే కుంటుకు కారణం ఇదే. తరువాత జరిగేది చాలామందికి తెలియదు. వదులైన కీలును నిలబెట్టడానికి శరీరమే పూనుకుంటుంది. కీలు తిత్తి మందంగా మారుతుంది, చుట్టూ కొత్త ఎముక పేరుకుంటుంది. ఏడాది, ఏడాదిన్నర వయసు వచ్చేసరికి కీలు కొంత బిగుస్తుంది, చాలా కుక్కల్లో నొప్పి తగ్గుతుంది. ఈ బిగువుకు మూల్యం కీళ్లవాతం రూపంలో నడివయసులోనో, ముసలితనంలోనో చెల్లించవలసి వస్తుంది. అయినా మధ్యలో హాయిగా గడిచే సంవత్సరాలు ఎన్నో ఉంటాయి. శస్త్రచికిత్స చేయకుండా సంరక్షణతోనే నెట్టుకువచ్చిన 68 కుక్కలను కొన్నేళ్ల తరువాత తిరిగి పరీక్షించిన పరిశీలన ఒకటి 1987లో బ్రిటన్‌లో వెలువడింది. వాటిలో సుమారు నాలుగింట మూడు వంతుల కుక్కల నడకలో చెప్పుకోదగ్గ లోపం కనిపించలేదు.

ఏడు నెలల వయసులో కనిపించే కుంటే జీవితాంతం ఉంటుందని భావించి నిర్ణయం తీసుకోవడం ఎందుకు తప్పో దీనిని బట్టి గ్రహించవచ్చు. పెరుగుదల ఆగని కూనను చూసి దాని భవిష్యత్తును తేల్చలేము.

ఎవరి తప్పూ కాదు

వ్యాధి నిర్ధారణ కాగానే ఇంట్లో నిందలు మొదలవుతాయి. పిల్లవాడు ఎత్తుకుని కింద పడవేశాడని, పనిమనిషి తోక పట్టి లాగిందని, మేడ మీద నుంచి దూకిందని ఎవరికి తోచిన కారణం వారు చెబుతారు. దెబ్బ వల్ల కీలు జారడం వేరు, ఈ లోపం వేరు. దీనికి మూలం వంశపారంపర్యం. ఒక్క జన్యువు కాదు, అనేక జన్యువులు కలిసి దీనికి కారణమవుతాయి. అందువల్లనే తల్లిదండ్రులు రెండూ చక్కగా నడుస్తున్నా పిల్లల్లో కొన్నింటికి లోపం రావచ్చు. అమెరికా పశువైద్యుడు ష్నెల్ 1935లో తొలిసారిగా కుక్కల్లో దీనిని వర్ణించారు. లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్, మనవారు అల్సేషియన్ అని పిలుచుకునే జర్మన్ షెపర్డ్, రాట్‌వైలర్, సెయింట్ బెర్నార్డ్ వంటి భారీ జాతుల్లో ఎక్కువగా కనిపిస్తుంది. టెలివిజన్ ప్రకటనల పుణ్యమా అని ఇంటింటికీ చేరిన పగ్ జాతిలోనూ ఈ లోపం విస్తారంగా ఉంది. ఒళ్లు తేలిక కావడం వల్ల వాటిలో బాధ అంతగా బయటపడదు. గ్రేహౌండ్లలో మాత్రం బహు అరుదు.

జన్యువులు లోపానికి బీజం వేస్తే, అది ఎంతగా ముదరాలో పెంపకం నిర్ణయిస్తుంది. నార్వేలో నాలుగు పెద్ద జాతుల కూనలపై జరిపి 2012లో ప్రచురించిన అధ్యయనంలో, పుట్టినప్పటి నుంచి మూడు నెలల లోపు రోజూ మెట్లు ఎక్కి దిగిన కూనలకు ముప్పు ఎక్కువగానూ, ఆ వయసులో ఆరుబయట మెత్తని నేల మీద స్వేచ్ఛగా తిరిగిన వాటికి తక్కువగానూ ఉన్నట్లు తేలింది. రెండో అంతస్తు వాటాలో, నున్నని పలకల మీద కూనను పెంచుతున్నవారు గమనించవలసిన విషయమిది.

కుంటిన ప్రతి కూనకూ ఈ జబ్బేనా?

కాదు. వైద్యులు తొందరపడి తేల్చకపోవడానికి కారణం ఉంది. మన ప్రాంతంలో పిడుదుల ద్వారా సంక్రమించే జ్వరం కుక్కల కీళ్లలో వాపు, నొప్పి తెచ్చి కుంటేలా చేస్తుంది. దానిని రక్తపరీక్షతో గుర్తిస్తారు. ఎముకలు లేని మాంసం, అన్నం మాత్రమే పెట్టి పెంచిన కూనల ఎముకలు గుల్లబారి వంగుతాయి. జర్మన్ షెపర్డ్ పిల్లల్లో ఐదారు నెలలు మొదలు ఏడాది వరకు ఒక కాలి నుంచి మరో కాలికి మారే ఎముకల నొప్పి వస్తుంది, దానంతట అదే తగ్గుతుంది. డిస్టెంపర్ వ్యాధిలో వెనుక కాళ్లు పట్టు తప్పుతాయి. మోకాలి బంధనం తెగినా కుంటే కనిపిస్తుంది.

తుంటి లోపాన్ని పట్టి ఇచ్చే ఆనవాళ్లు కొన్ని ఉన్నాయి. వెనుక భాగం ఊపుతూ నడవడం, కూర్చున్నప్పుడు కాలు పక్కకు జాపడం, విశ్రాంతి తరువాత లేవగానే బిగుసుకుపోయి పది అడుగులు వేశాక సర్దుకోవడం, ముందు భుజాలు బలిసి వెనుక తొడలు చిక్కిపోవడం వంటివి. ఎన్నడూ కరవని కూన నడుము కింద చేయి వేయగానే గుర్రుమంటే అది పొగరు కాదు, నొప్పి అని అర్థం చేసుకోవాలి. ఆసుపత్రికి వెళ్లగానే బెదురుతోనో, ఉత్సాహంతోనో కొన్ని కూనలు కుంటడం మానివేస్తాయి. కాబట్టి ఇంటి వద్ద అది లేచే తీరు, నడిచే తీరు, మెట్లెక్కే తీరు సెల్‌ఫోన్‌లో చిత్రీకరించి వైద్యునికి చూపితే ఎంతో మేలు.

ఎక్స్‌రేను తగు మత్తు ఇచ్చి తీయించుకోవడం అవసరం. కూనను వెల్లకిలా పరుండబెట్టి, వెనుక కాళ్లు నిటారుగా చాపి, కటి ఎముక ఒరగకుండా తీసిన చిత్రమే ఉపయోగపడుతుంది. నలుగురు అదిమి పట్టుకుని తీసిన ఎక్స్‌రేలో కాళ్లు వంకరై మంచి కీలు కూడా చెడ్డదిగా, చెడ్డది మంచిదిగా కనిపించే ప్రమాదం ఉంది. మత్తులో కండరాలు సడలినప్పుడే కీలు ఎంత వదులుగా ఉందో చేతితో పరీక్షించగలుగుతారు. మండల కేంద్రాల్లో ఈ సదుపాయం లేకపోతే కోరుట్ల, రాజేంద్రనగర్‌లలోని పశువైద్య కళాశాలలనో, హైదరాబాద్ నారాయణగూడలోని ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాలనో సంప్రదించవచ్చు. బయలుదేరే ముందు ఫోన్ చేసి ఎముకల విభాగం వైద్యులు ఏ రోజున ఉంటారో కనుక్కోవడం మంచిది. నొప్పితో ఉన్న కూనకు అంత దూరం ప్రయాణమే ఒక శిక్ష.

ఇంకో మాట. ఎక్స్‌రేలో కనిపించే తీవ్రతకూ, కుక్క పడే బాధకూ నేరుగా పొంతన ఉండదు. చిత్రంలో ఘోరంగా కనిపించిన కీళ్లతో చెంగుచెంగున తిరిగే కుక్కలు ఉన్నాయి. స్వల్ప లోపంతోనే మూలిగేవీ ఉన్నాయి. చికిత్స చేయవలసింది కుక్కకు, ఎక్స్‌రేకు కాదు.

కాల్షియం, గుడ్లు, పాలు... మేలు చేయబోయి కీడు

ఎముకల జబ్బు అనగానే మన ఇళ్లలో మొదట జరిగే పని బలమైన తిండి పెట్టడం. రోజుకు రెండు కోడిగుడ్లు, అర లీటరు పాలు, పైన కాల్షియం టానిక్కు. ప్రేమతో చేసే ఈ పని కూనకు శాపంగా మారుతుంది. పెద్ద జాతి కూనల శరీరానికి ఆరేడు నెలల లోపు అధిక కాల్షియాన్ని అడ్డుకునే నేర్పు ఉండదు. పెట్టినదంతా పీల్చుకుంటుంది. దానితో ఎముకల పెరుగుదల అస్తవ్యస్తమవుతుంది. పెద్ద జాతి కూనల కోసం తయారైన ఆహారం పెడుతున్నవారు దానిపైన కాల్షియం చుక్క కూడా చేర్చవలసిన అవసరం లేదు. పూర్తిగా ఇంటి తిండి మీద పెంచుతున్నవారి విషయం వేరు. అన్నం, మాంసంలో కాల్షియం కొరత ఉంటుంది గనుక ఎంత చేర్చాలో వైద్యుడే లెక్క కట్టి చెప్పవలసి ఉంటుంది. ఏ విధంగా చూసినా దుకాణంలో అడిగి సీసా తెచ్చుకోవడం పద్ధతి కాదు.

వదులైన కీలు మీద పడే ప్రతి కిలో బరువూ బాధను పెంచుతుంది. ఈ సంగతిని రుజువు చేసిన ప్రసిద్ధ పరిశోధన ఒకటి అమెరికాలో జరిగింది. ఒకే ఈతలో పుట్టిన లాబ్రడార్ పిల్లలను జతలుగా విడదీసి, మొత్తం 48 కుక్కలలో సగానికి తమ జత కుక్క తిన్న దానికంటే 25 శాతం తక్కువ తిండి పెట్టారు. రెండేళ్ల వయసుకు తక్కువ తిన్న వాటిలో తుంటి లోపం గణనీయంగా తగ్గింది. జీవితాంతం కొనసాగించి 2002లో ప్రకటించిన ఫలితాల ప్రకారం కడుపునిండా తిన్న కుక్కల సగటు ఆయుష్షు 11.2 ఏళ్లు కాగా, మితంగా తిన్నవి 13 ఏళ్లు బతికాయి. కీళ్లవాతానికి మందులు అవసరమైన వయసు కూడా వాటిలో వెనక్కు జరిగింది. ఇంత చవకైన చికిత్స మరొకటి లేదు. దీనిని అమలు చేయడమే అన్నింటికంటే కష్టం కూడా. గిన్నె ఖాళీ కాగానే కూన మన ముఖంలోకి చూసే చూపును తట్టుకోవడం అందరివల్లా కాదు.

సరైన బరువును చేతితోనే తెలుసుకోవచ్చు. అరచేతిని బల్ల మీద ఉంచి రెండో చేతి వేళ్లతో మెటికల దిగువ భాగాన్ని తడిమితే ఎముకలు ఎలా తగులుతాయో, కూన పక్కటెముకలు కూడా పలుచని చర్మం కింద అలా తగలాలి. పైనుంచి చూస్తే నడుము సన్నబడి కనిపించాలి. పక్కటెముకల కోసం వేళ్లతో వెదకవలసి వస్తే కూన లావెక్కినట్లే. ఎత్తుకుని బరువు యంత్రం ఎక్కడం వీలుకాని పెద్ద కుక్కలను బియ్యం దుకాణం కాటా మీద నిలబెట్టి పదిహేను రోజులకొకసారి తూకం రాసుకోవచ్చు. తిండిని గ్లాసుతోనో, కప్పుతోనో కొలిచి పెట్టాలి. టీ వేళ తాతగారు అందించే బిస్కెట్లు, పిల్లలు బల్ల కింద జారవిడిచే చపాతీ ముక్కలు కూడా ఆ లెక్కలోనివే. బిస్కెట్టు ఇవ్వక తప్పదనుకుంటే కీరదోస ముక్కో, క్యారెట్ ముక్కో ఇచ్చి చూడండి. చాలా కూనలకు వస్తువు కంటే ఇచ్చే చేయి ముఖ్యం.

గ్రానైట్ గచ్చు మీద తిప్పలు

మన జిల్లాకు పేరు తెచ్చిన గ్రానైటే ఈ కూనలకు పెద్ద గండం. మెరుగు పెట్టిన గ్రానైట్, నునుపైన టైల్స్ మీద వెనుక కాళ్లు విడివడి జారిన ప్రతిసారీ కీలు ఇంకా సాగుతుంది. పాత ఇళ్లలోని గరుకైన షాబాదు బండలే వీటికి నయం. ఇల్లంతా మార్చనక్కరలేదు. కూన పడుకునే చోటు, తిండి గిన్నె పెట్టే చోటు, ఆ రెండింటి మధ్య దారి, గుమ్మం ముందు భాగం చాలు. కొబ్బరి పీచు పట్టాలో, రబ్బరు చాపలో, కుట్టి కదలకుండా పరచిన గోనె సంచులో వేస్తే సరిపోతుంది. గోళ్లు పెరిగితే పట్టు దొరకదు కాబట్టి నెలకొకసారి కత్తిరించాలి. గోల్డెన్ రిట్రీవర్ వంటి జాతుల్లో అరికాలి మెత్తల మధ్య పెరిగే వెంట్రుకలనూ తీసివేయాలి.

మెట్లకు అడ్డంగా చిన్న తలుపో, బల్లో పెట్టడం అవసరం. ఎక్కించక తప్పనప్పుడు పొట్ట కింద తువ్వాలు చుట్టి వెనుక భాగాన్ని తేలికగా ఎత్తిపట్టి నడిపించవచ్చు. స్కూటర్ ముందు నిలబెట్టుకుని తిప్పి, ఇల్లు చేరగానే కిందికి దూకించే అలవాటు మానుకోవాలి. వెనుక కాళ్ల మీద నిలబెట్టి 'నమస్తే' చెప్పించడం చూడముచ్చటగా ఉంటుంది గాని, శరీర భారమంతా దెబ్బతిన్న కీళ్ల మీదే పడుతుంది. వచ్చిన చుట్టాలకు ఇకపై కరచాలనంతో సరిపెట్టించండి. పరుపు లేకున్నా పాత బొంత నాలుగు మడతలు వేసి పరిస్తే చాలు. చలికాలపు తెల్లవారుజామున ఈ కూనలు బిగుసుకుపోతాయి. గోరువెచ్చని నీటిలో పిండిన తువ్వాలును పది నిమిషాలు తుంటి మీద ఉంచి, ఆ తరువాత నెమ్మదిగా నడిపిస్తే సులువుగా కదులుతాయి.

నడిపించాలా, కట్టివేయాలా?

నొప్పి ఉందని రోజంతా గొలుసుతో కట్టి ఉంచడం మనవారు తరచూ చేసే రెండో పొరపాటు. వదులైన కీలును పట్టి ఉంచగలిగేది చుట్టూ ఉన్న కండరాలే. కదలిక లేకపోతే అవి కరిగిపోతాయి, బరువు పెరుగుతుంది. బాగా కుంటుతున్న కొన్ని రోజులు విశ్రాంతి ఇవ్వవలసిందే. తగ్గాక రోజుకు రెండు మూడు సార్లు పట్టీ వేసి, నింపాదిగా, ఒకే వేగంతో నడిపించాలి. గడ్డి నేల, మట్టి బాట ఉత్తమం. బంతి విసిరి తెప్పించడం, ఇతర కుక్కలతో కుస్తీలు, పరుగెడుతూ ఠక్కున మలుపు తిరగడం ఈ వయసులో కూడనివి.

ఎంతసేపు నడిపించాలని అడిగేవారికి గడియారం కంటే మరుసటి ఉదయం కచ్చితమైన సమాధానం ఇస్తుంది. నిన్నటి నడక తరువాత నేడు లేవడానికి ఎక్కువ ఇబ్బంది పడితే దూరం తగ్గించాలి. హుషారుగా లేస్తే వారానికి కొద్దికొద్దిగా పెంచవచ్చు. వేసవిలో సూర్యోదయానికి ముందే ముగించడం తప్పనిసరి. మానేరు డ్యామ్ కట్ట మీద ఉదయపు నడకకు వచ్చేవారు తిరుగు ప్రయాణానికి తారు రోడ్డు వేడెక్కుతుందని గుర్తుంచుకోవాలి. కీలు మీద భారం పడకుండా కండరం పెంచే ఈత ఎంతో మంచిది. అయితే కూన తానుగా నడిచి దిగగలిగే, నడిచి బయటకు రాగలిగే వాలు ఉన్న లోతు లేని నీళ్లే ఎంచుకోవాలి. వ్యవసాయ బావిలోకి విసిరి ఈదించడం ప్రాణాల మీదకు తెస్తుంది.

మనుషుల మాత్రలు విషమే

నొప్పికి మందు వాడటం తప్పు కాదు. నొప్పితో ఉన్న కూన కాలు వాడదు, వాడని కాలికి బలం రాదు. అయితే ఇంట్లో ఉన్న ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ మాత్రలు కుక్కల కడుపులో పుండ్లు పుట్టించి, మూత్రపిండాలను దెబ్బతీసి ప్రాణం తీయగలవు. పారాసెటమాల్ కూడా సొంతంగా ఇవ్వదగినది కాదు. పశువుల్లో డైక్లోఫెనాక్ వాడకాన్ని రాబందులను కాపాడటానికి 2006లో నిషేధించిన సంగతి రైతులకు తెలిసినదే. కుక్కకు అది తన కోసమే ప్రమాదకరం. కుక్కల కోసం పరీక్షించిన కార్ప్రొఫెన్, మెలాక్సికామ్, ఫిరోకాక్సిబ్ వంటివి వైద్యుడు బరువును బట్టి నిర్ణయించిన మోతాదులో, తిండి తరువాత వాడాలి. వాంతులు, నల్లని విరేచనం, తిండి మానడం కనిపిస్తే వెంటనే ఆపి వైద్యునికి చెప్పాలి. ఈ మందులు వాడుతుండగా మరొకరి వద్ద స్టెరాయిడ్ సూది వేయించడం అత్యంత ప్రమాదకరం. ఇద్దరు వైద్యుల వద్దకు తిరిగేవారు పాత చీటీలు వెంట తీసుకువెళ్లాలి.

గ్లూకోసమైన్ పొడులకు ప్రచారం ఉన్నంత ఆధారం లేదు. చేపనూనెకు కొంత ఆధారం ఉంది. డబ్బు పరిమితంగా ఉన్నవారు మొదట నేల మీద పట్టాలకు, నొప్పి మందుకు ఖర్చు చేయడం తెలివైన పని.

శస్త్రచికిత్స ఎప్పుడు?

కొన్ని శస్త్రచికిత్సలకు వయసు గడువు ఉంది. మూడు నుంచి ఐదు నెలల లోపు లోపాన్ని పసిగడితే కటి ఎముక ముందు అతుకును మూసివేసే చిన్న శస్త్రచికిత్సతో గిన్నె బంతి మీదకు వాలేలా చేయవచ్చు. సుమారు ఐదు నుంచి పది నెలల మధ్య, కీలులో అరుగుదల ఇంకా మొదలుకాకపోతే, కటి ఎముకను కోసి తిప్పి పలకతో బిగించే పద్ధతి ఉంది. అందుకే ఎక్స్‌రే చూపిన రోజునే వైద్యుని అడగవలసిన ప్రశ్న ఒక్కటి: అరుగుదల మొదలైందా, లేదా? గడువు దాటినవారికి రెండు మార్గాలు మిగులుతాయి. బంతి భాగాన్ని తొలగించి కండరాలతో కూడిన కృత్రిమ సంధి ఏర్పడనివ్వడం ఒకటి. ఇది తేలికపాటి కుక్కల్లో చక్కని ఫలితమిస్తుంది, భారీ కుక్కల్లో బరువు అదుపులో ఉంటే నొప్పి నుంచి విముక్తి కలిగిస్తుంది. కీలు మొత్తాన్ని మార్చడం రెండోది. ఎదుగుదల పూర్తయ్యాక చేసే ఈ చికిత్స దేశంలో కొన్ని పెద్ద నగరాల్లోనే, భారీ ఖర్చుతో లభిస్తుంది. చేయించలేకపోయామని ఎవరూ కుమిలిపోనక్కరలేదు. సంరక్షణకు లొంగని నొప్పి ఉన్నప్పుడే దాని అవసరం.

ఈ కూనలకు పిల్లలు పుట్టనివ్వరాదు. అయితే గర్భనిరోధక శస్త్రచికిత్సకు తొందరపడటమూ మంచిది కాదు. ఏడాది లోపు ఆ శస్త్రచికిత్స జరిగిన మగ గోల్డెన్ రిట్రీవర్లలో తుంటి లోపం మిగిలిన మగవాటి కంటే రెట్టింపుగా ఉన్నట్లు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, డేవిస్ పరిశోధకులు 2013లో ప్రకటించారు. ఎదుగుదల పూర్తయ్యే వరకు ఆగడం గురించి వైద్యునితో మాట్లాడాలి.

అమ్మినవారికి చెప్పడం మరవవద్దు

చాలామంది వదిలివేసే పని ఇది. కూనను అమ్మినవారికి ఎక్స్‌రే నకలు పంపి, అదే జతను మళ్లీ కలపవద్దని చెప్పాలి. ఒకే ఈతలోని మిగిలిన కూనల యజమానులు తెలిసి ఉంటే వారికీ తెలియజేయాలి. వారి పిల్లకు ఇంకా నాలుగు నెలలే నిండి ఉంటే ఆ కబురు ఒక కీలును కాపాడవచ్చు. కెన్నెల్ క్లబ్ కాగితాలు వంశవృక్షాన్ని తెలుపుతాయే గాని కీళ్ల ఆరోగ్యానికి హామీ కావు. అమెరికాలో 1966లో ఏర్పడిన జంతు ఎముకల సంస్థ రెండేళ్లు నిండిన కుక్కల తుంటి ఎక్స్‌రేలకు శ్రేణులు ఇస్తోంది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో రూపొందిన పద్ధతిలో 16 వారాల వయసుకే కీలు వదులును కొలుస్తారు. ఇక్కడ కొనేవారు కనీసం తల్లిదండ్రుల తుంటి ఎక్స్‌రే చూపమని అడగడం మొదలుపెడితే అమ్మేవారిలో మార్పు వస్తుంది. కుక్కల పెంపకం, విక్రయాలపై 2017లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి వద్ద నమోదు చేసుకుని ఉండాలి, ఎనిమిది వారాలు నిండని కూనను అమ్మరాదు.

ఇంట్లో ఉంచుకోలేక రోడ్డు మీద వదలడం గురించి ఆలోచించేవారికి ఒక విషయం. ఆకలిదప్పులతో బాధపడే స్థితిలో జంతువును విడిచిపెట్టడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద నేరం. సరిగా పరుగెత్తలేని కూన వీధికుక్కల మధ్య ఎన్ని రోజులు బతుకుతుందో వేరుగా చెప్పనక్కరలేదు. మందు, బరువు, నడక అన్నీ నెలల తరబడి పాటించినా నొప్పి లొంగక, తిండి మాని, లేవలేని స్థితి వచ్చినప్పుడు కారుణ్య మరణం గురించి వైద్యునితో మాట్లాడటం వేరు, నిర్ధారణ జరిగిన వారంలోనే మాట్లాడటం వేరు.

ఒక చిన్న పుస్తకం పెట్టుకుని రోజూ ఒక్క వాక్యం రాసుకుంటే ఈ విషయంలో ఊహలకు తావుండదు. ఉదయం ఎన్ని ప్రయత్నాలకు లేచింది, ఎంత దూరం నడిచింది, మందు ఇచ్చామా, పక్షానికి బరువెంత అన్నవి చాలు. ఆరు వారాలకు ఒకసారి దానిని వైద్యునికి చూపించాలి. ఏడాదిన్నర నిండాక అదే స్థితిలో, అలాగే మత్తు ఇచ్చి మరో ఎక్స్‌రే తీయించి పాతదాని పక్కన పెట్టి చూడాలి. అందుకోసం మొదటి ఎక్స్‌రే ఫిల్మును పారవేయకుండా భద్రపరచుకోవాలి.